మందు చదువు, ఫోను చదువు

పాఠకుల ప్రశ్నలు, మేడమ్ జవాబులు

ఈ నెల ఫార్మసీ పిల్లల ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. బెంగళూరులో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఫార్మసీ చదువుతున్నారో తెలియాలంటే సంక్రాంతి ముందు యశవంతపుర స్టేషన్‌లో ఓ గంట నిలబడితే చాలు. ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట ఫోను ఉంది. నేను ఈ ఊళ్లో ఫార్మాస్యూటిక్స్, అంటే మందుల తయారీ పాఠం, చెప్పే దాన్ని కాబట్టి, నా సబ్జెక్టు వైపు కాస్త ఎక్కువ మొగ్గుతాను. సర్దుకోండి.

ప్రశ్న: మేడమ్, మాది కదిరి దగ్గర పల్లె. టెన్త్ వరకు తెలుగు మీడియమే. ఇప్పుడు బెంగళూరులో బి.ఫార్మసీ ఫస్టియర్. క్లాసులో ఇంగ్లీషు అందక, రూముకొచ్చి యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూసి చదువుకుంటున్నాను. ఇంటర్నల్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి. ప్రాక్టికల్లో మాత్రం లిక్విడ్ పారఫిన్ ఎమల్షన్ (జిగురు సాయంతో నూనెనూ నీళ్లనూ కలిపి చేసే మందు) విరిగిపోయింది. రీల్‌లో చెప్పినట్టే 4:2:1 వేశాను. సార్ అందరి ముందూ నన్ను ‘యూట్యూబ్ ఫార్మసిస్ట్’ అన్నారు. వీడియోలు మానేయాలా?

జవాబు: మానేయొద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఈ పూటకు నిద్రపడుతుంది నీకు.

నరం చివర అసిటైల్‌కోలిన్ అనే సందేశం మోసే రసాయనం ఎలా విడుదలవుతుందో ఒక మంచి యానిమేషన్ చూపించినంత బాగా బోర్డు మీద ఎవరూ చూపించలేరు, నాతో సహా. పై సెమిస్టర్లలో ఫార్మకాలజీ ప్రాక్టికల్స్‌కు వెళ్లాక నీకే తెలుస్తుంది. జంతువుల మీద చేసే ప్రయోగాలను సాఫ్ట్‌వేర్‌లోనూ వీడియోల్లోనూ చూపించమని ఫార్మసీ కౌన్సిల్ సిలబస్సే చెబుతోంది. పుదుచ్చేరి జిప్మర్‌లో ప్రొఫెసర్ రవీంద్రన్ తయారుచేసిన ‘ఎక్స్‌ఫార్మ్’ సాఫ్ట్‌వేర్ చాలా కాలేజీల్లో వాడతారు. కప్ప కండరానికి మందు తగిలితే గ్రాఫు ఎంత లేస్తుందో అందులో కంప్యూటర్ మీదే చూడొచ్చు. కప్పకూ హాయి, మాకూ హాయి. మేమే స్క్రీన్ మీద పాఠం చెబుతూ, నువ్వు స్క్రీన్ చూశావని ఎగతాళి చేయడం ఏం న్యాయం?

ఇక నీ ఎమల్షన్ సంగతి. రీల్‌లో చెప్పింది అబద్ధం కాదు. నూనె నాలుగు, నీళ్లు రెండు, జిగురు ఒకటి అన్న లెక్క ఆముదం, బాదం నూనె లాంటి ఫిక్స్‌డ్ ఆయిల్స్‌కు సరిగ్గా సరిపోతుంది. లిక్విడ్ పారఫిన్ మినరల్ ఆయిల్, దానికి 3:2:1. టర్పెంటైన్ లాంటి వోలటైల్ ఆయిల్స్‌కు 2:2:1. నువ్వు 4:2:1 వేసినప్పుడు ఉండాల్సిన దానికంటే జిగురు తగ్గింది, చుక్కల చుట్టూ పొర చాల్లేదు, నూనె పైకి తేలింది. ముప్పై సెకన్లలో చెప్పాలనుకునేవాడు లెక్క చెప్పి, ఆ లెక్క ఏ నూనెకో చెప్పడం మానేస్తాడు. రీల్స్‌తో నాకున్న పేచీ అదొక్కటే. చెప్పింది ఒప్పే, వదిలేసిన దాంతోనే ప్రమాదం.

ఇంకో రెండు సంగతులు అడుగుతాను, నిజం చెప్పు. మోర్టార్ (నూరే కల్వం) పొడిగా తుడుచుకున్నావా? నూనె కొలిచే సిలిండర్‌లో తడి లేదా? డ్రై గమ్ పద్ధతిలో ముందు జిగురు పొడినీ నూనెనూ కలిపి నూరాలి. తర్వాత కొలిచిన నీళ్లన్నీ ఒక్కసారే పోసి, ఒకే వైపు గబగబా నూరాలి. కొంచెం కొంచెంగా పోస్తే నీటి చుక్కలు నూనెలో చిక్కుకునే రకం ఎమల్షన్ మొదలై, చివరికి విరిగిన పాలలా అయి కూర్చుంటుంది. వైవాలో ‘నీళ్లు ఒక్కసారే ఎందుకు పోయాలి’ అని అడిగేది ఇందుకే. నూరుతూ ఉంటే ముద్ద తెల్లబడి చిక్కబడుతుంది. రోకలి కింద నుంచి టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ప్రైమరీ ఎమల్షన్, అంటే మొదటి చిక్కటి ముద్ద, కుదిరినట్టు. అప్పుడే మిగతా నీళ్లు కలపాలి. మా ల్యాబ్‌లో ఇరవై మోర్టార్లు ఒకేసారి నడుస్తుంటే, ఎవరిది కుదిరిందో నేను చూసి కాదు, విని చెబుతాను. నువ్వు వీడియోను డబుల్ స్పీడులో, పక్క బెడ్డువాడు నిద్రపోతున్నాడని సౌండ్ తీసేసి చూసి ఉంటావు. ఆ చప్పుడు నీకెలా తెలుస్తుంది చెప్పు?

ప్రాక్టికల్‌కు ముందు రోజు వీడియోను మామూలు స్పీడులో ఒకసారి చూడు. లెక్కా, దాని పక్కన ‘ఎందుకు’ అన్నదీ కాగితం మీద రాసుకో. ‘ఎందుకు’ దొరకకపోతే ఆ వీడియో పక్కన పెట్టి ల్యాబ్ మాన్యువల్ తియ్యి. ల్యాబ్ అయ్యాక అదే వీడియో మళ్లీ చూడు. చేతికి తెలిసిన తర్వాత కంటికి వేరేగా కనబడుతుంది.

అమెరికా ఛానళ్లు చూస్తున్నావేమో, వాటి దగ్గర ఒక జాగ్రత్త. మెకానిజాలు అద్భుతంగా చెబుతారు. కానీ మన పారాసిటమాల్ వాళ్లకు అసిటమినోఫెన్, మన సాల్బుటమాల్ వాళ్లకు ఆల్బ్యుటెరాల్. అక్కడ చీటీ లేకుండా దొరికేవీ, ఇక్కడ దొరికేవీ ఒకటి కావు. మందు ఎలా పనిచేస్తుందో వాళ్ల దగ్గర నేర్చుకో. చట్టానికి మన 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం దగ్గరికే రా.

ఇంగ్లీషు గురించి దిగులు వద్దు. తెలుగులో అర్థం చేసుకున్నవాడు ఇంగ్లీషులో రాయడానికి ఒక సెమిస్టర్ పడుతుంది, అంతే. అర్థం కాకుండా ఇంగ్లీషులో బట్టీ పట్టినవాళ్లకు ఫైనలియర్‌లో కూడా తేరుకోవడం కష్టం.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో టెక్స్ట్ బుక్స్ పీడీఎఫ్‌లు ఫ్రీగా దొరుకుతున్నాయి. తప్పా?

జవాబు: తప్పే. 1957 కాపీరైట్ చట్టం ఇంకా బతికే ఉంది. పైగా అక్కడ తిరిగేవి చాలావరకు పాత ఎడిషన్లు. నిమెసులైడ్ అనే నొప్పి, జ్వరం మందును 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లో నిషేధించారు. అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో ఆ మాట ఎక్కడి నుంచి వస్తుంది? మీ కాలేజీ రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందిదైతే ‘హెలినెట్’ డిజిటల్ లైబ్రరీ గురించి మీ లైబ్రేరియన్‌ను అడుగు. ఎవరూ అడగక ఆయన ఖాళీగానే కూర్చుని ఉంటారు. ప్రభుత్వం నడిపే ఎన్‌పీటీఈఎల్, స్వయం ఆన్‌లైన్ పాఠాలు కూడా ఉచితమే. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

ప్రశ్న: అమ్మా, మాది హిందూపురం. మావాడు ఇంటర్ తర్వాత మెడికల్ షాపులో పనిచేస్తున్నాడు. ‘ఆన్‌లైన్ డి.ఫార్మసీ, ఇంటి దగ్గరే చదువు, పరీక్షకు వస్తే చాలు’ అని బెంగళూరు నుంచి ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. సగం డబ్బు ముందే కట్టమంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ఫార్మసీని దూరవిద్యలో గానీ పూర్తి ఆన్‌లైన్‌లో గానీ చదివే వీల్లేదు, యూజీసీ నిబంధనలే ఒప్పుకోవు. డి.ఫార్మసీ అంటే కాలేజీకి వెళ్లి చదివే రెండేళ్ల కోర్సు. ఆ పైన 500 గంటల ప్రాక్టికల్ ట్రెయినింగ్ ఉంటుంది. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎగ్జిట్ ఎగ్జామ్ కూడా ఉంది. రేపు మీవాడు ఆ కాగితం పట్టుకుని స్టేట్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు వెళితే, మొదట చూసేది ఆ కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందా లేదా అనే. రిజిస్ట్రేషన్ లేనిదే ఫార్మసిస్టు కాడు, తన అర్హత మీద షాపు లైసెన్సూ రాదు. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఏజెంటును ఆ జాబితాలో కాలేజీ పేరు చూపించమనండి. మళ్లీ ఫోన్ చేస్తే నాకు రాయండి.

ప్రశ్న: మేడమ్, నేను థర్డ్ ఇయర్ బి.ఫార్మసీ. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెదనాన్న ఒక మెసేజ్ పెట్టారు. ‘పి-500 అని రాసి ఉన్న కొత్త పారాసిటమాల్‌లో మాచుపో వైరస్ ఉంది, వేసుకుంటే ప్రాణం పోతుంది, పదిమందికీ పంపండి’ అని. నాయనమ్మకు జ్వరం, మాత్ర వేసుకోనంటోంది. నేను ‘ఇది ఫేక్’ అని పెడితే పెదనాన్నకు కోపం వచ్చింది. ‘నాలుగు పుస్తకాలు చదివి మాకు చెబుతున్నావా’ అన్నారు. ఏం చేయను?

జవాబు: ఆ మెసేజ్‌ది పెద్ద చరిత్రే. 2017లో ఇండియాలోనే కాదు, మలేసియా, సింగపూర్‌లలో కూడా తిరిగింది. చచ్చిందనుకున్నప్పుడల్లా లేచి వస్తుంది. మాచుపో దక్షిణ అమెరికాలోని బొలీవియాలో గుర్తించిన వైరస్, అక్కడి ఎలుకల నుంచి సోకుతుంది. వైరస్‌కు బతకాలంటే జీవకణం కావాలి. పొడి మాత్రలో దానికేం పని? ‘తెల్లగా మెరిసే మాత్ర’ అని భయపెడతారు చూడు, మాత్ర నునుపుగా ఉండటానికి మేం క్లాసులో చెప్పే లూబ్రికెంటు, పంచింగ్ మెషీన్ ఒత్తిడి చాలు.

సైన్సు నీకు తెలుసు, నీకు తెలియనిది పెదనాన్న. పెద్దవాళ్లకు కోపం వచ్చేది తప్పు పట్టినందుకు కాదు, నలుగురిలో పట్టినందుకు. ఇవాళ సాయంత్రం ఫోన్ చెయ్యి. ‘పెదనాన్నా, మీరు పెట్టింది చూసి మా మేడమ్‌ను అడిగాను, ఇలా చెప్పారు’ అను. తప్పు నా మీద వేసెయ్, నేను బెంగళూరులో ఉన్నాను కదా. గ్రూపులో సవరణ ఆయన చేతే పెట్టించు. అంతకంటే ముందు నాయనమ్మ సంగతి చూడు. ఆమె వేరే ఏం మందులు వాడుతోంది, లివర్ ఇబ్బంది ఏమైనా ఉందా, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగి డాక్టర్‌కు చూపించండి.

మందుల మీద నిజంగా సందేహం వస్తే అడగడానికి మనుషులున్నారు. కర్ణాటక స్టేట్ ఫార్మసీ కౌన్సిల్ ఇక్కడ విజయనగర్‌లో డ్రగ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నడుపుతోంది. బెంగళూరులో చదివే పిల్లలు ఒక్కసారైనా ఆ మెట్లెక్కాలి.

ప్రశ్న: నేను ఫార్మ్.డి ఫోర్త్ ఇయర్. ఆసుపత్రి పోస్టింగ్‌లో ఉన్నాను. మా బ్యాచ్‌మేట్ ఒక అరుదైన కేసు షీటు ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టాడు. పేషెంట్ పేరు మీద ఎమోజీ పెట్టాడు. ‘పేరు కనబడట్లేదుగా, చదువుకే కదా’ అంటున్నాడు. మా వాట్సాప్ గ్రూపులో అయితే రోజూ కేసు షీట్లే. నేను మరీ చాదస్తంగా ఆలోచిస్తున్నానా?

జవాబు: చాదస్తం కాదు. ఆ ఫోటో మళ్లీ చూడు. పేరు మీద ఎమోజీ ఉంది, సరే. పై మూలలో ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) ఉందా? వార్డు, బెడ్ నంబర్? డాక్టరు సంతకం, చేరిన తేదీ? ‘అరుదైన కేసు’ అని నువ్వే అన్నావు. ఆ వారం ఆ వార్డులో ఆ జబ్బుతో ఉన్నది ఒక్కరే అయితే, పేరు చెప్పాల్సిన పనేముంది? ఆ పేషెంట్ తమ్ముడి స్నేహితుడు మీవాడికి ఫాలోవర్ కాడని ఎవరు చెప్పారు? స్టోరీ 24 గంటల్లో పోతుంది, స్క్రీన్‌షాట్ పోదు.

వాట్సాప్ గ్రూపు ఇంకా ఇబ్బంది. అక్కడికి వచ్చిన ఫోటో అందరి గ్యాలరీల్లోకీ దానంతటదే దిగుతుంది. అక్కడి నుంచి బ్యాకప్‌లోకి వెళ్తుంది. ఇంట్లో చెల్లెలు పెళ్లి ఫోటోలు వెతుకుతూ వేలు జరిపితే ఎవరిదో హెచ్‌ఐవీ రిపోర్టు తగులుతుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. అది పక్కన పెట్టినా, ఆసుపత్రి మిమ్మల్ని వార్డులోకి రానివ్వడమే ఒక నమ్మకం మీద. ఒక బ్యాచ్ చేసిన పనికి తర్వాతి బ్యాచ్‌కు వార్డు తలుపు మూసిన ఆసుపత్రి నాకు తెలుసు.

కేసు చర్చ మాత్రం మానకండి, ఫార్మ్.డి అంటేనే అది. షీటు ఫోటో బదులు సోప్ నోట్స్ (పేషెంట్ చెప్పింది, పరీక్షల్లో తేలింది, అంచనా, చికిత్స అని నాలుగు భాగాల్లో రాసేవి) టైప్ చేయండి. ‘యాభైల్లో ఉన్న మహిళ, ఫలానా కంప్లయింట్, సీరం క్రియాటినిన్ ఇంత, వాడుతున్న మందులు ఇవి’ అంటే చదువుకు ఇంకేం కావాలి? మందుల దుష్ప్రభావాల మీద కన్నేసి ఉంచే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ వారి రియాక్షన్ రిపోర్టు ఫారం తీసి చూడు. దేశం మొత్తం నుంచి రిపోర్టులు తీసుకునే ఆ ఫారంలోనే పేషెంట్ పూర్తి పేరు అడగరు, ఇనీషియల్స్ చాలంటారు. మీవాడికి ఆ ఫారం చూపించు, నా జవాబు కంటే బాగా పనిచేస్తుంది. వినకపోతే వార్డులో మిమ్మల్ని చూసుకునే ప్రిసెప్టర్‌కు చెప్పు. చాడీ అనుకోకు.

ప్రశ్న: మేడమ్, నేను ఫైనలియర్ అమ్మాయిని. మందుల గురించి తెలుగులో రీల్స్ చేస్తున్నాను, వేలమంది చూస్తున్నారు. ఇప్పుడు రెండు చిక్కులు. ఇన్‌బాక్స్‌లో జనం ‘అక్కా, మా బాబుకు దగ్గు, ఏ సిరప్ వేయాలి’ అని అడుగుతున్నారు. ఒక సప్లిమెంట్ కంపెనీ డబ్బులిస్తాం, మా పౌడర్ గురించి చెప్పమంటోంది. ఇంట్లో ఫీజుకు ఇబ్బందిగానే ఉంది.

జవాబు: ముందు మెచ్చుకోనీ. తెలుగులో మందుల గురించి తెలిసినవాళ్లు చెప్పేది తక్కువ, తెలియనివాళ్లు చెప్పేది కొండంత.

దగ్గు సిరప్ ప్రశ్నకు ఒకటే జవాబు టైప్ చేసి పెట్టుకుని అందరికీ అదే పంపు: ‘చూడకుండా చెప్పలేను, పిల్లల డాక్టర్‌కు చూపించండి.’ బాబు బరువెంతో, ఎగశ్వాస ఉందో లేదో నీకు తెలియదు. నువ్వింకా రిజిస్టర్డ్ ఫార్మసిస్టువి కూడా కాదు. అయ్యాక కూడా ఇన్‌బాక్స్‌లో డోసు చెప్పొద్దు.

పౌడర్ కంపెనీ విషయం. ఆరోగ్యం గురించి చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్లకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. నీ అర్హత ఏమిటో చెప్పాలి, డబ్బు తీసుకుంటే ఆ మాటా చెప్పాలి. ‘షుగర్ నయమవుతుంది’ లాంటి మాట స్క్రిప్టులో ఉంటే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నీ మీదికే వస్తుంది, కంపెనీ తప్పుకుంటుంది. చట్టం సంగతి అటుంచి నా అభిప్రాయం అడిగితే, తీసుకోకు. చదువుకునే పిల్ల ఫీజు కోసం తెల్లకోటు వేసుకుని పౌడర్ అమ్మడం నాకు మింగుడుపడదు. స్కాలర్‌షిప్పుల వివరాలు నాకు విడిగా రాయి, చూద్దాం.

రీల్స్‌కు సరుకు కావాలంటే బోలెడుంది. ఇన్‌హేలర్ వాడకం తీసుకో. ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ఏళ్లుగా వాడుతున్నవాళ్లలో కూడా గొంతులోకి కొట్టుకుని వదిలేసేవాళ్లు ఎందరో. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి గానీ ఫ్రీజర్‌లో కాదు. లీటరు నీళ్లకు ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి పిల్లలకు తాగిస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం.

ఓఆర్‌ఎస్ అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి సోషల్ మీడియాలోనూ కోర్టులోనూ పోరాడారు, చక్కెర డ్రింకులకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్ముతున్నారని. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు డ్రింకుల మీద వాడకూడదని ఆదేశించింది. ఆవిడ వీడియోలు చూడు. డాన్సులూ లేవు, మీద పడే అక్షరాలూ లేవు. ఒకే మాట, విసుగు లేకుండా. ఇంకొకటి, మందు పడక ఇబ్బంది వచ్చిందని ఎవరైనా నీకు రాస్తే, డాక్టర్‌ను కలవమని చెప్పి ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024 ఇవ్వు. తన ప్రొఫైల్లో ఆ నంబర్ పెట్టుకున్న ఫార్మసీ అమ్మాయి ఇంతవరకు నాకు కనబడలేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను చెన్నైలో ఒక ఫార్మసీ కాలేజీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, మాది నెల్లూరు. పిల్లలు రాత్రి పదకొండున్నరకు వాట్సాప్‌లో డౌట్లు అడుగుతారు. జవాబివ్వకపోతే ‘బ్లూ టిక్ వచ్చింది సార్’ అంటారు. ఒకడైతే వాళ్లమ్మ ప్రిస్క్రిప్షన్ ఫోటో పంపి ఇది ఏ మాత్రో చదివి చెప్పమన్నాడు. ఇన్‌స్టాలో రిక్వెస్టులు వేరే. ఎంతవరకు ఒప్పుకోవాలి?

జవాబు: బ్లూ టిక్ తీసేయండి, సెట్టింగ్స్‌లో ఉంటుంది. సగం టెన్షన్ పోతుంది.

ఒక్కొక్కరితో విడిగా చాట్ వద్దు. సబ్జెక్టుకు ఒక గ్రూపు పెట్టండి, అందులో క్లాస్ రెప్రజెంటేటివ్‌తో పాటు ఇంకో లెక్చరర్‌ను కూడా చేర్చండి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకే జవాబులని మొదటి రోజే చెప్పండి. ఇన్‌స్టా రిక్వెస్టులు పిల్లలు చదువు ముగించి వెళ్లే దాకా అలాగే ఉండనివ్వండి, ఎవరూ చచ్చిపోరు. ప్రిస్క్రిప్షన్ ఫోటోలు మాత్రం చదవొద్దు. మసక ఫోటోలో ఒకేలా కనబడే మందుల పేర్లు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. రాసిన డాక్టర్‌కో, మందు ఇచ్చిన షాపుకో ఫోన్ చేయమనండి.

గ్రూపును పీడీఎఫ్‌ల గోడౌన్ చేయకండి. రోజూ ఏడింటికి ఒక చిన్న లెక్క పోల్‌గా పెట్టండి. ఉదాహరణకు: బాబు బరువు 14 కిలోలు, పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, సిరప్ 5 ఎంఎల్‌కు 250 మిల్లీగ్రాములు, ఒక డోసుకు ఎన్ని ఎంఎల్? జవాబు 4.2. ఆప్షన్లలో 42 కూడా పెట్టండి. దాన్ని నొక్కేవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు గ్రూపులో పెట్టకండి, మర్నాడు ల్యాబ్‌లో ముందు బెంచీకి పిలిచి ఆ సిరప్‌ను కొలత కప్పులో వాళ్ల చేతే పోయించండి.